పాలిపోయిన అచ్చు

బట్ట వెలిసిపోతుంది, మనిషి పాలిపోతాడు. ఈ రెండు మాటల్నీ మన ఇళ్లలో ఎవరూ తారుమారు చెయ్యరు. నాలుగు వుతుకులకు రంగు దిగిన చీరను చూచి "పాలిపోయింది" అని ఏ ఇల్లాలూ అనదు. నాలుగు రోజుల జ్వరం నుంచి లేచిన పిల్లవాణ్ణి చూచి "వెలిసిపోయాడు" అని ఏ తల్లీ అనదు. మొదటిదానిలో రంగు వుండి, తరవాత పోయింది. రెండోదానిలో పైకి రావలసిన రంగు రానేలేదు. ఇంత చక్కని తేడా నోట్లో పెట్టుకుని కూడా, పెద్ద ప్రింటరున్న దుకాణానికి వెళ్లేసరికి అందరం ఒక్క మాటే అంటున్నాం: "ఫేడయింది." ఇచ్చేవాడిదీ అదే మాట, పుచ్చుకునేవాడిదీ అదే మాట. రెండు వేరువేరు జబ్బులకు ఒకటే పేరు పెడితే మందు ఎల్లా కుదురుతుందండీ?

ఇదేదో దుకాణదారుల గొడవ, మనకెందుకులే అనుకోకండి. ఇవాళ పెద్ద అచ్చుతో పనిపడని ఇల్లు ఎక్కడుంది? ఓణీల వేడుకకు వీధిగుమ్మంలో బోర్డు, షష్టిపూర్తికి వేదిక వెనక తెర, ఇల్లు కట్టుకుందామంటే మునిసిపాలిటీకి ఇచ్చే ప్లాను, పెద్దవాళ్లు దాటిపోతే దండ వెయ్యడానికి పటం. అన్నీ ఆ మిషను నోట్లోంచి రావలసినవే. వాటిల్లో మొదటివి కాస్త పాలిపోయినా మరునాటికి ఎవరూ తలుచుకోరు. చివరిది మాత్రం అల్లా కాదు. ఆ సంగతి చెప్పేముందు మిషను లోపల ఏం జరుగుతున్నదో రెండు ముక్కలు చెప్పాలి.

అచ్చు అనగానే మనకు అక్షరాన్ని కాగితంమీద వొత్తడం గుర్తుకు వస్తుంది. అచ్చొత్తించడం అనే మాట అల్లా పుట్టిందే. ఈ మిషను దేన్నీ వొత్తదు, కళ్లాపి చల్లుతుంది. 'హెడ్డు' అని వాళ్లు పిలిచే భాగం కాగితానికి తగలకుండా, కొంచెం ఎత్తున, అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ పరుగులు పెడుతూంటుంది. దాని అడుగున ఒక్కొక్క రంగుకు వందలకొద్దీ రంధ్రాలు. ఒక్కొక్కటి మన తలవెంట్రుకకన్న సన్నం. వాటిలోంచి రాలే చుక్కను పికోలీటర్లలో కొలుస్తారు. పికోలీటరంటే లీటరులో లక్షకోట్లవ వంతు. మంచి ఫోటో మిషన్లలో అన్నిటికన్న చిన్న చుక్క అల్లాంటివి నాలుగైదుకు మించదు.

ఆ చుక్కను తోసే వుపాయాలు రెండున్నాయి. 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు కొన్నిరకాల స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. మరుసటి ఏడు దానికి తిరగేసినదీ నిజమేనని చూపించారు: విద్యుత్తు ఇస్తే స్ఫటికం కొద్దిగా వంగుతుంది. ఆ వంపుతోనే సిరాను బయటికి తోసేది ఒక జాతి మిషను. రెండోది వేడితో పనిచేస్తుంది. 1977లో జపానులో కానన్ కంపెనీ ప్రయోగశాలలో, సిరా నింపిన సిరంజి సూదికి కాలుతున్న టంకపుకడ్డీ పొరపాటున తగిలి సిరా చివ్వున చిమ్మిందట. సిరాను వేడిచేసి చిన్న బుడగ పుట్టించి చుక్కను తోసే పద్ధతికి అదే నాంది. పద్ధతి ఏదయితేనేం, కన్ను మూసుకుపోతే చుక్క రాలదు. చుక్క రాలకపోతే రంగు పాలిపోతుంది.

ఇక అసలు సంగతి. మా రాజమండ్రిలో నా దగ్గర బి.ఏ. చదివిన కుర్రవాడొకడు బ్యాంకు అప్పుమీద నాలుగడుగుల వెడల్పు ప్రింటరు కొని చిన్న దుకాణం పెట్టాడు. ఫ్లెక్సీలు కాదు, కాగితంమీద ఫోటోలు, బొమ్మలు, ఇంటి ప్లాన్లు. సాయంత్రాలు నేనక్కడ కూచుంటాను. నా వుద్యోగం శుభలేఖల్లోనూ బోర్డుల్లోనూ తప్పులు దిద్దడం. జీతం కాఫీ. 'ఆహ్వానం'లో వకారాన్ని హకారం నెత్తిన పెట్టేవాళ్లు వున్నంతకాలం నాకు అక్కడ కాఫీకి లోటుండదు.

2024 వేసవిలో మూఢం వచ్చింది. దాని వెనకాలే ఆషాఢం. దాదాపు మూడు నెలలు పెళ్లిముహూర్తాలు లేవు. మన పురోహితుల కష్టం అందరికీ తెలుసు. మిషను కష్టం ఎవరికీ తెలియదు. బేరాలు లేవు గదా అని కరెంటు ఖర్చు కలిసివస్తుందనుకుని కుర్రవాడు దాన్ని గోడదగ్గర స్విచ్చి తీసి వదిలేశాడు. అప్పుడప్పుడు ఒక ఇంటి ప్లాను వస్తే నల్లగీతలు గీసి ఇచ్చేవాడు. రంగులకు పనే లేదు. శ్రావణం వచ్చిన మొదటి వారంలో ఒక పెద్దాయన, ఆయన కొడుకు వచ్చారు. పెద్దాయన భార్య పోయింది. మర్నాడు పెద్దకర్మ. ఆవిడ ఫోటో రెండడుగుల పటానికి కావాలి.

ఫోటో బాగుంది. ఎర్రంచు పట్టుచీర, నల్లటి జుట్టు, నుదుట కాసంత కుంకంబొట్టు. కుర్రవాడు మెరుపుకాగితం రోలు ఎక్కించి మీట నొక్కాడు. పటం మెల్లిగా కిందికి దిగింది. ముఖం పసరు రంగు తిరిగివుంది. జుట్టు బూడిద కలిపినట్టు వుంది. పెద్దాయన కాగితాన్ని దీపం దగ్గిరికి తీసుకువెళ్లి చాలాసేపు చూచి, "బాబూ, మా దానికి పసుపుబొట్టు పెట్టావేమిటయ్యా? అది కుంకం లేకుండా వీధిగుమ్మం దాటి ఎరగదు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే కుర్రవాడికి సులువుగా వుండేది.

పుణ్యస్త్రీగా వెళ్లిపోయిన మనిషి పటంలో బొట్టు ఎర్రగా లేకపోతే ఆ ఇంటికి ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు.

మెకానిక్కుకు ఫోను చేస్తే, అతను మిషను చూడకుండానే "హెడ్డు పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నాడు. ఆ హెడ్డు ఖరీదు కుర్రవాడి దుకాణానికి ఆరు నెలల అద్దె. కుర్రవాడు ముందు గాభరాపడి 'హెడ్ క్లీనింగు' మీట వరసగా నాలుగుసార్లు నొక్కాడు. ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ మీటను చాలామంది గుడిలో గంటలాగా కొడుతూంటారు. క్లీనింగంటే నీళ్లతో కడగడం కాదు. హెడ్డు వచ్చి ఒక రబ్బరు మూతమీద కూచుంటుంది. కిందనుంచి చిన్న పంపు సిరాను పీలుస్తుంది. ఆ సిరాతోపాటు ఎండిన పెచ్చు వూడివస్తుందని ఆశ. పీల్చిన సిరా అంతా వ్యర్థపు తొట్టిలోకి పోతుంది. అంటే ప్రతి క్లీనింగుకూ డబ్బు తొట్టిలో పోస్తున్నామన్నమాట. రెండు మూడుసార్లకు లొంగకపోతే అప్పుడు చెయ్యవలసింది నాలుగోసారి నొక్కడం కాదు, ఆగడం. అదేపనిగా పీలిస్తే గొట్టాల్లోకి గాలి కూడా రావచ్చు. గాలిబుడగ వున్న చోట సిరా లేదు, సిరా లేనిచోట రంగు లేదు. మందే జబ్బు అవుతుంది.

కుర్రవాడు కుర్చీలో కూలబడి, పదినిమిషాలకు తేరుకుని, మిషనుతో వచ్చిన పుస్తకం తీశాడు. ఆ పుస్తకాన్ని సంచిలోంచి తీయడం అదే మొదటిసారని ప్లాస్టిక్ తొడుగు చప్పుడే చెప్పింది. అందులో మొదట చెప్పింది 'నాజిల్ చెక్'. ఒక్కొక్క రంధ్రం చేత ఒక్కొక్క చిన్న గీత గీయించి మెట్లమెట్లుగా చూపించే పరీక్ష అది. పిల్లలచేత హాజరు పలికించడంలాంటిది. నలుపు, పసుపు, నీలం పూర్తిగా హాజరు. మజెంటా వరసలో ముప్పాతిక మంది లేరు.

మజెంటా అంటే ముదురు గులాబీరంగు. 1859లో ఇటలీలో మజెంటా అనే వూరి దగ్గర జరిగిన యుద్ధం పేరు, ఆ రోజుల్లో కొత్తగా తయారైన ఒక రంగుకు పెట్టారు. మన ఎరుపు ఈ మిషను దగ్గర లేదు. మజెంటామీద పసుపు చల్లితేనే ఎరుపు. మజెంటా రాకపోతే మిగిలేది పసుపు. పెద్దాయన చూచింది అక్షరాలా నిజం: కుంకం రాలేదు, పసుపు వచ్చింది. ముఖం పసరు తిరగడం కూడా అందుకే. నీలం, పసుపు కలిసి ఆకుపచ్చను చూపిస్తాయి.

ఈ ఒక్క విషయం తెలిస్తే సగం వైద్యం తెలిసినట్టే. అచ్చు పాలిపోయినప్పుడు ముందు చూడవలసింది, అన్ని రంగులూ సమానంగా పాలిపోయాయా, ఒక్కటే పాలిపోయిందా అని. ఒక్కటే అయితే తప్పు సాధారణంగా ఆ రంగు నడిచేదారిలో వుంటుంది: డబ్బాలోనో, గొట్టంలోనో, రంధ్రంలోనో. అన్నీ సమానంగా పాలిపోతే హెడ్డు జోలికి పోకుండా ముందు కాగితాన్నీ, సెట్టింగునూ అనుమానించాలి. నాలుగు రంగులూ కూడబలుక్కుని ఒకే రోజున జబ్బుపడడం అరుదు.

కుర్రవాడు మజెంటా డబ్బా తీసి మెల్లిగా అటూఇటూ వూపాడు. అది పిగ్మెంటు ఇంకు. అంటే రంగుపొడి ద్రవంలో తేలుతూ వుండేది. మూడు నెలలు కదలకపోతే పొడి అడుగుకు దిగుతుంది. మజ్జిగ తేట పైకి వచ్చినట్టు పలచని ద్రవం పైన నిలుస్తుంది. తరవాత హెడ్డు కూచునే రబ్బరు మూత చూశాడు. అంచుచుట్టూ ఎండిన సిరా పెచ్చు కట్టివుంది. ఆ అంచు గట్టిగా అంటుకోకపోతే రెండు నష్టాలు: హెడ్డుకు గాలి తగిలి ఎండిపోతుంది, పంపు ఎంత లాగినా సిరాకు బదులు గాలి వస్తుంది. అంటే ముందు చేసిన నాలుగు క్లీనింగులూ చిల్లుగొట్టంతో పానకం తాగడమే. పుస్తకంలో చెప్పిన ద్రవంలో దూదిపుల్ల ముంచి అంచు మాత్రం తుడిచాడు. హెడ్డు అడుగుభాగాన్ని ముట్టుకోలేదు. బజారులో దొరికే ఏదో ద్రవం సిరంజితో ఎక్కించి దాన్ని బాగుచేస్తామనే ధీరులు ప్రతి వూళ్లోనూ వుంటారు. వాళ్లను దుకాణంలోకి రానివ్వకపోవడం మంచిది.

గోడ స్విచ్చి సంగతీ అప్పుడే బయటపడింది. మిషను మీద వున్న బొత్తాం నొక్కి ఆపితే, హెడ్డు బుద్ధిగా వచ్చి మూతమీద కూచుని ఆ తరవాత నిద్రపోతుంది. గోడదగ్గర తీసేస్తే ఎక్కడున్నది అక్కడే, నోరు తెరుచుకుని వుండిపోతుంది. కరెంటు పోయినా అదే గతి. మన వూళ్లలో యు.పి.ఎస్. లేకుండా ఈ మిషను పెట్టడం గొడుగు లేకుండా శ్రావణంలో ప్రయాణం.

రాత్రి పదిగంటలకు ఒక క్లీనింగు చేసి, మిషనుకు విశ్రాంతి ఇచ్చి తలుపులు వేశాడు. ఎండిన సిరా తడికి మెత్తబడడానికి కొన్ని గంటలు పడుతుంది, తొందరపెడితే రాదు. పెద్దాయనకు "తెల్లవారి ఏడుగంటలకు ఇస్తాను తాతగారూ" అని మాట ఇచ్చాడు. ఆ మాటకు తన దగ్గర పూచీ ఏమీ లేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అయిదుగంటలకు మళ్లీ హాజరు పిలిచాడు. మజెంటాలో రెండు మూడు తప్ప అందరూ పలికారు. అన్ని రంధ్రాల్లో రెండుమూడు లేకపోవడం మిషను సర్దుకోగలదు. పటం తీశాడు. బొట్టు ఎర్రగా వచ్చింది. కాని జుట్టు ఇంకా బూడిదే! చీర కూడా వుండవలసినంత నిండుగా లేదు. చాలామంది ఇక్కడ "ఇక హెడ్డే" అని నిశ్చయానికి వస్తారు. కుర్రవాడు రాలేదు. హాజరు సరిగ్గా వుంది గనక, రెండో జబ్బు వేరే వుండాలి. సెట్టింగు చూశాడు. వేసవి అంతా ప్లాన్లు గీసింది గదా, అందులో 'మామూలు కాగితం' అని వుంది.

మిషనుకు కళ్లు లేవు. మెరుపుకాగితం ఎక్కించినా, మామూలు కాగితమని చెబితే మామూలు కాగితానికి పెట్టవలసినంతే సిరా పెడుతుంది. ఎక్కువ పెడితే ఆ కాగితం తడిసి వుబ్బుతుందని దాని భయం. పైగా ఈ మిషన్లలో నలుపులు రెండు: మెరుపు లేని కాగితాలకు ఒకటి, మెరుపుకాగితాలకు ఒకటి. ఒకదాని చోట ఇంకొకటి వాడితే నలుపు బూడిదవుతుంది; మెరుపుకాగితం మీదనయితే చేతికి అంటుకుంటుంది కూడా. సెట్టింగు మార్చగానే మిషను కాసేపు గురగురలాడి నలుపు మార్చుకుంది. మూడో పటంలో ఆవిడ జుట్టు నల్లబడింది. ఏడుగంటలకు పెద్దాయన వచ్చి చూచి, ఏమీ అనకుండా తీసుకువెళ్లాడు. హెడ్డు కొనవలసిన పని లేకపోయింది.

ఇక అన్నీ సమానంగా పాలిపోయే సందర్భాలు మరికొన్ని వున్నాయి. కాగితాన్ని తిరగేసి ఎక్కించడం ఒకటి. ఫోటోకాగితానికి ఒకవైపే పూత వుంటుంది. ఆ పూత సిరాను పైననే పట్టి నిలుపుతుంది. వెనకవైపు పడిన సిరా లోపలికి ఇంకిపోయి రంగు చచ్చిపోతుంది. ఎటు పూతో తెలియకపోతే అంచును తడిపెదవికి ఆనించి చూడండి, పూతవైపు కాస్త అంటుకుంటుంది. బేరం తొందర మీద 'డ్రాఫ్టు' పద్ధతిలో కొట్టడం ఇంకొకటి. నాలుగుసార్లు చల్లవలసిన చోట ఒకసారి చల్లితే వచ్చేది అంతే.

మిషను తప్పు అసలు లేని పాలిపోవడం కూడా వుంది. ఇంజనీరుగారి కంప్యూటరులో నల్లటి తెరమీద పసుపుగీతలు దీపాల్లా వెలుగుతూంటాయి. అదే ప్లానును తెల్లకాగితంమీద వున్నదున్నట్టు తీస్తే ఆ గోడలు, గుమ్మాలు కంటికే ఆనవు. తెరమీద వెలుగు, కాగితంమీద సిరా. అవి రెండూ ఒక జాతివి కావు. గీతలన్నీ నలుపులో తియ్యమని చెప్పే ఏర్పాటు ఆ ప్రోగ్రాములోనే వుంటుంది. తప్పు బొమ్మదో మిషనుదో తేల్చడానికి, పోయిననెల బాగా వచ్చిన బొమ్మనే ఇవాళ మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడడంకన్న మంచి పరీక్ష లేదు. వాట్సాపులో పదిచేతులు మారిన ఫోటో ఇచ్చి "పాలిపోయింది" అనేవాళ్లకు మాత్రం నేను వేరే మాట చెబుతాను. అది పాలిపోవడం కాదు, మసకబారడం. దానికి దుకాణంలో మందు లేదు. అసలు ఫోటో తెచ్చుకోవాలి.

తెలుగు అచ్చుకు ఇంకో ప్రమాదం వుంది, నా వృత్తికి సంబంధించింది గనక చెబుతాను. ఇంగ్లీషు పెద్దక్షరంలో గీత కొంచెం పలచబడినా అక్షరం అదే అక్షరం. మనకు 'ద'కూ 'ధ'కూ తేడా అడుగున చిన్న గీటు. 'ప'కూ 'ఫ'కూ అంతే. కన్నులు కొన్ని మూసుకుపోయిన హెడ్డు మొదట మింగేవి ఇల్లాంటి సన్నగీతల్నే. ప్లాను కాగితంమీద చిన్నక్షరాల్లో వున్న 'ధర' కాస్తా 'దర' అయి కూచుంటే, రాసినవాడికి అక్షరం రాదనుకుంటారు పాపం.

ఇక మొదట చెప్పిన రెండో మాట: వెలవడం. ఇది పుట్టినప్పుడు నిండుగా వున్న అచ్చుకు తరవాత పట్టే జబ్బు. దీనికి నాజిల్ చెక్కులూ క్లీనింగులూ ఏమీ చెయ్యవు. ఎండలోని కనిపించని కిరణాలూ, గాలిలోని ఓజోనూ రంగు అణువుల్ని విరగ్గొడతాయి. బడ్డీకొట్టు మీద రెండేళ్లు ఎండిన పాత పోస్టరు చూడండి. ఎరుపులూ పసుపులూ పోయి, బొమ్మ అంతా నీలంగా తయారవుతుంది. అచ్చులో వాడే నీలం సామాన్యంగా రాగి కలిసిన ఒక గట్టి రంగుద్రవ్యం. అది అంత సులభంగా చావదు. నలుపు మసి, అదీ చావదు. మన తాటాకు గ్రంథాలమీద గంటపు గీతల్లో పూసిన మసి వందల ఏళ్లయినా నల్లగానే వుండడం ఆ వంశగుణమే. ముందుగా పోయేది మజెంటా, పసుపు. అంటే మళ్లీ బొట్టే.

సిరాలో కూడా రెండు కులాలున్నాయి. డై ఇంకు అంటే పంచదారలా నీళ్లలో కరిగిపోయిన రంగు. పిగ్మెంటు ఇంకు అంటే ఇందాక చెప్పిన పొడి రంగు. కరిగిన రంగులో ప్రతి అణువూ ఒంటరిగా ఎండకు దొరుకుతుంది. పొడిరేణువులో పైపొర మాడినా లోపలి పొరలు నిలుస్తాయి. కొత్తలో డై రంగే ఎక్కువ తళతళలాడుతుంది, అందుకే మోసపోతాం.

పటం కట్టించేటప్పుడు అద్దం వేయించండి. అద్దం కాగితానికి తగలకుండా చుట్టూ అట్టముక్కల అంచు పెట్టమనండి. పడమటి ఎండ పడే గోడకు తగిలించవద్దు. కిటికీకి ఎదురుగానూ వద్దు. అసలు ఫోటోను స్కాను చేయించి ఇంట్లో ఒకటి, పిల్లల దగ్గర ఒకటి వుంచండి. దుకాణంవాడి కంప్యూటరులో వుందిలే అని వదిలెయ్యకండి. ఆర్డరు ఇచ్చేముందు "మీది డై ఇంకా, పిగ్మెంటు ఇంకా?" అని ఒక్క ప్రశ్న అడగండి. తెలియదన్న దుకాణంలో పుట్టినరోజు బోర్డు కొట్టించుకోవచ్చు. అమ్మగారి పటం మాత్రం ఇంకోచోట చూచుకోండి.